ఆకాశవాణియు, మన వాణియు

తెల్లవారకమునుపే లేచి, రేడియో పెట్టె ముందు కూర్చుండి, ముల్లును మెల్లమెల్లగ జరుపుచు, ఇరుగుపొరుగు భాషల ప్రసారముల నడుమ నుండి తెలుగుమాట నొక్కదానిని పట్టుకొనిన తరము మన యిండ్లలో నింకను గలదు. కోలారులోను, హొసూరులోను, బళ్లారిలోను, రాయగడలోను, షోలాపురపు మగ్గముల వీధులలోను పెరిగిన పెద్దల నడిగినచో ఈ మాట చెప్పుదురు. వారికి విజయవాడ కేంద్రము దూరపు ఊరు కాదు. గోడ కవతలి యిల్లు. పండుగ ఏనాడో, పంచాంగము ఏమనుచున్నదో, కొత్త పాట యేదో, నాటకములో ఎవరు పలికిరో వారికి ఆ పెట్టెయే చెప్పెడిది. తెలుగుబడి లేని యూళ్లలో ఆ పెట్టెయే బడి.

ఇటీవల ఆ పెద్దలలో పలువురు ముల్లును ఈ చివరనుండి ఆ చివరవరకు త్రిప్పి, గరగరయే గాని మాట వినరాక, "సెట్టు చెడినది కాబోలు నాయనా, ఒకసారి చూడుము" అని మనుమల నడుగుచున్నారు. పెక్కుసార్లు చెడినది సెట్టు కాదు. దానిని చేరవలసిన తరంగము మారినది. ఈ మార్పు ఏమిటో, ఏల వచ్చినదో, దానివలన మనకు పోయినది ఎంతయో, రాగలది ఎంతయో మనవారు తెలిసికొనుట అవసరమని తలచి, ఈ వారము ప్రసారవిద్యలోని మొదటి పాఠములను ప్రస్తావించుచున్నాము. ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయమని పాఠకులు తలపకుందురు గాక.

నోటినుండి వెలువడిన మాట గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్ల వేగమున పోయి, పోవుచుండగనే అణగిపోవును. ఎంతటి గొంతుతో పిలిచినను ఊరి పొలిమేర దాటుట కష్టము. విద్యుదయస్కాంత తరంగమో, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. దానికి గాలి తోడైనను అక్కరలేదు. కనుక ప్రసారకేంద్రమువారు చేయు పని యిది: మైకు ముందు పలికిన మాటను ముందుగ విద్యుత్ప్రవాహపు హెచ్చుతగ్గులుగ మార్చుదురు, పిమ్మట, బండికి బస్తా నెత్తినట్లు, దానిని ఒక బలమైన తరంగమున కెత్తి పంపుదురు. దీనికే వాహకతరంగమని పేరు. ఒక్కొక్క కేంద్రపు బండికి ఒక్కొక్క సంఖ్య. మనము ముల్లు త్రిప్పుట యనగా బాటవెంట పోవుచున్న అనేక బండ్లలో మనకు కావలసిన దానిని నిలుపుట. సెట్టు బస్తాను దింపుకొని, బండిని వదలివేసి, బస్తాలోని మాటను మరల శబ్దముగ చేసి మన చెవికందించును. ఇంతకు మించిన మాయ ఆ పెట్టెలో లేదు.

బస్తా నెత్తు పద్ధతులు రెండు కలవు. మాటకు తగినట్లు తరంగపు ఎత్తును పెంచుచు, తగ్గించుచు పోవుట మొదటిది. మీడియం వేవు కేంద్రముల పద్ధతి యిది. ఎత్తు నట్లే యుంచి, సెకనుకు కలుగు కంపనముల సంఖ్యను మాత్రము స్వల్పముగ మార్చుచు పోవుట రెండవది, ఎఫ్.ఎం. అనబడునది యిదియే. మెరుపు మెరసినను, ప్రక్కయింట మోటారు తిరిగినను తరంగపు ఎత్తు చెదరును గనుక మొదటి పద్ధతిలో గరగర తప్పదు. రెండవ పద్ధతికి చెందిన సెట్టు ఎత్తులోని చెదరును లెక్కచేయదు గనుక పాట నిర్మలముగ వినబడును. మన దేశమున ఎఫ్.ఎం. ప్రసారము 1977 జూలై 23వ తేదీన మద్రాసులో మొదలయ్యెను. సంగీతప్రియులు దానిని మెచ్చుకొనుట న్యాయమే.

అయితే నిర్మలత వేరు, దూరము వేరు. మన దేశమున మీడియం వేవు కేంద్రములు 531 మొదలు 1602 కిలోహెర్ట్జుల వరకు గల తావున పలుకును. మనవారు వినిన విజయవాడ కేంద్రపు సంఖ్య 837. అనగా ఆ తరంగపు ఒక్కొక్క అల పొడవు సుమారు 358 మీటర్లు. అంత పొడవైన అల నేలను కరచుకొని పోగలదు. గుట్టలకు, ఇండ్లకు వెరవదు. ఎఫ్.ఎం. తావు 88 మొదలు 108 మెగాహెర్ట్జుల వరకు. అందలి అల పొడవు సుమారు మూడు మీటర్లు. ఈ చిన్న అల దాదాపు చూపు పోవునట్లే తిన్నగ పోవును. స్తంభము ఎంత ఎత్తో అంత దూరము. భూమి వంగినచోట, కొండ అడ్డమైనచోట అది ఆగిపోవును. కనుకనే వంద కిలోవాట్ల మీడియం వేవు కేంద్రము పగటివేళ కొన్ని జిల్లాలకు వినబడగా, పెద్ద ఎఫ్.ఎం. కేంద్రమైనను కొన్ని పదుల కిలోమీటర్లతో తృప్తిపడవలసియున్నది.

మీడియం వేవుకు మరియొక గుణము కూడ కలదు. నేలకు సుమారు 60 కిలోమీటర్ల పైనుండి విద్యుత్కణములు నిండిన పొరలున్నవి. పగలు సూర్యరశ్మిచే బలపడిన క్రిందిపొర ఈ తరంగములను మ్రింగివేయును. ప్రొద్దుగ్రుంకిన పిదప ఆ పొర కరగిపోగా, తరంగములు పైపొరను తాకి, అద్దముపై బడిన వెలుగువలె మరల నేలకు దిగును. వందల కిలోమీటర్ల యవతలి కేంద్రము రాత్రివేళ గొంతు పెంచుచు, తగ్గించుచు మన యింటిలో పలుకుటకు కారణ మిది. శీతకాలపు చీకటి ఉదయములలో భక్తిరంజని నెమ్మదిగ వినవచ్చి, వేసవిలో ప్రొద్దెక్కినకొలది సన్నగిలి మాయమగుటకును కారణ మిదియే. మన అవ్వలు కేంద్రమువారు అలసిపోయిరని తలచెడివారు. నిజమునకు సూర్యుడు లేచెను, అంతే.

ఇక్కడ మనవారు గమనింపవలసిన సంగతి యొకటి గలదు. 1956 నవంబరు 1వ తేదీన భాషలనుబట్టి రాష్ట్రములను విభజించినపుడు గీచిన గీతలు నేలపై గీచినవి. తరంగములపై గీచినవి కావు. గీత కీవల మిగిలిన మనకు బడి తగ్గినది, కచేరీలో తెలుగు అర్జీకి చోటు తగ్గినది. రేడియోలో మాత్రము తగ్గలేదు. యానామును చూడుడు. పరిపాలనకు అది ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న పుదుచ్చేరికి చెందినది. చుట్టును ఆంధ్రదేశమే గనుక దాని పెరటిలో పలుకు తరంగము తెలుగుదే. మిగిలిన మనకు ఆ భాగ్యము లేకున్నను, పొడవైన అల ఆ లోటును ఉచితముగ తీర్చినది. ఏ ప్రభుత్వమును మన కిచ్చిన హక్కు కాదది. ప్రకృతి యిచ్చిన కానుక. హక్కు గానిది పోయినపుడు అడుగుటకు కచేరీ యుండదు.

ఆ కానుక ఇపుడు పోవుచున్నది. ప్రసారభారతి మీడియం వేవు ప్రసారములను క్రమముగ తగ్గించి ఎఫ్.ఎం. వైపు మరలుచున్నది. దీనికి కారణములు లేకపోలేదు. మీడియం వేవు యంత్రములు పాతబడినవి. వానికి విద్యుత్తు మిక్కుటముగ కావలెను. స్తంభములకు ఎకరముల కొలది భూమి కావలెను. నగరములలో శ్రోతలు ఎఫ్.ఎం. సెట్లకు, చేతిఫోనులకు అలవాటుపడిరి. 2023 ఏప్రిల్ 28వ తేదీన ఒక్కమారే 91 ఎఫ్.ఎం. ప్రసారయంత్రములు దేశమందు ప్రారంభింపబడెను. ఒక్కొక్కటి 100 వాట్లది. ఆయా జిల్లాల ప్రజలకు వారి భాషలో, వారి యూరి సమీపమున వినుటకు ఇవి మేలే. ఆ జిల్లాలో అధికభాష తనది గాని కుటుంబమునకు మాత్రము చేరువైన గొంతు పొరుగువారిదే. తన గొంతు పొలిమేర కవతలనే ఆగిపోయినది. దీనిలో ఎవరి ద్వేషమును లేదు. అల పొట్టిదైనది, అంతియే. ఎవరి ద్వేషమును లేని నష్టము కూడ నష్టమే.

టెలివిజను ఉన్నదిగదా, దానిలో తెలుగు లెస్సగ నిండియున్నదిగదా యని కొందరనవచ్చును. నిజమే. దాని సంగతియు కొంత తెలిసికొందము. మగ్గమెరిగిన మనవారికి టెలివిజను బొమ్మ తేలికగ బోధపడును. బట్టను ఒక్కమారుగ పరచుట యుండదు. నాడె అటునిటు పోయి ఒక్కొక్క పేకను చేర్చగా బట్ట యగును. పాత టెలివిజను పద్ధతిలో బొమ్మయు నట్లే; ఒక్కొక్క బొమ్మకు 625 గీతలు, ఒక్కొక్క సెకనుకు 25 బొమ్మలు. కంటికి ఆ వేగము పట్టదు గనుక నిండు బొమ్మగ తోచును. నేటి డిజిటల్ పద్ధతిలో గీతలకు బదులు అంకెలు ప్రయాణము చేయును. బొమ్మ నేసెడి సూత్రము మాత్రము దూరము పోలేదు. ఇంత సమాచారమును మోయుటకు చిన్న అలలే కావలెను. చిన్న అలలు చూపుమేరకే పోవును. ఆ చిక్కును తీర్చినది ఉపగ్రహము. భూమధ్యరేఖపై సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిపిన ఉపగ్రహము భూమితో సమముగ తిరుగుటచే మనకు కదలనట్లు కనబడును. అంత ఎత్తైన స్తంభమునకు దేశమంతయు చూపుమేరయే.

1975 ఆగస్టు 1 మొదలు ఒక యేడు మన దేశమున ఈ విద్యను పెద్దయెత్తున పరీక్షించిరి. ఆంధ్రప్రదేశము, కర్ణాటకము, ఒడిశా మొదలగు ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు అమెరికా ఉపగ్రహము ద్వారా కార్యక్రమములను పంపిరి. ఆ భాషలలో తెలుగు ఒకటి. ఒకే చిత్రమునకు రెండు భాషల మాటలను జతపరచి పంపు వీలు ఆ యేర్పాటులోనే యుండెను. నేడు నెలసరి చెల్లింపు లేని డిడి ఫ్రీ డిష్ పళ్లెము నొకదానిని మిద్దెపై పెట్టుకొనినచో డిడి సప్తగిరి, డిడి యాదగిరి షోలాపురములో కనబడును; బరంపురములోను కనబడును. ప్రసారభారతివారి ఫోను ఆప్‌లో ఆకాశవాణి కేంద్రములు రెండువందలకు పైగా వినబడుచున్నవి; అందు తెలుగు కేంద్రములును కలవు. పెద్దల సెట్టు మూగవోయిన యింటిలో మనుమలు ఈ రెండింటిలో నొకటి అమర్చి, ఎట్లు వినవలెనో ఓపికతో నేర్పుట ఈ వారముననే చేయదగిన పని. ఇందులకు సభలు, తీర్మానములు అక్కరలేదు.

అయినను ఉపగ్రహము తేజాలనిది యొకటి కలదు. దానినుండి మనకు దిగునది హైదరాబాదు మాట, విజయవాడ మాట. మన వీధి మాట దిగదు. మన బిడ్డలకు తెలుగు పరీక్ష ఏ బడిలో జరుగునో, మన తాలూకాలో తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ ఎన్నాళ్లుగ నిండలేదో, మన మగ్గములకు నూలు ధర యేమో ఆ పెట్టె చెప్పదు. కోలారు తెలుగులోని కన్నడపు ఒరపు, హొసూరు తెలుగులోని నుడికారము, బరంపురపు పలుకుబడి ఆ పెట్టెలో వినరావు. బిడ్డ వినునది ఒక తెలుగు, ఇంట మాటలాడునది మరియొక తెలుగు అగుటచే, మనది తెలుగే కాదేమోనను సంకోచము వానికి కలుగుచున్నది. మాట చాలకకాదు, మన మాట చాలకనే ఈ దుస్థితి. తుపానువేళ సంగతి వేరుగ చెప్పవలెను. 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద ఫైలిన్ తుపాను తీరము దాటినపుడు గంజాము జిల్లాలో స్తంభములు కూలి విద్యుత్తు దినముల తరబడి లేకపోయెను. అట్టివేళ పళ్లెము పనిచేయదు, ఫోను పనిచేయదు. బ్యాటరీతో పలుకు చిన్న రేడియో సెట్టు పనిచేయగలదు. అందు మనకు తెలిసిన భాషలో హెచ్చరిక వినబడుట ప్రాణముతో ముడివడిన విషయము.

కనుక మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట యిది. ఏ పొట్టి అల మననుండి విజయవాడను దూరము చేసినదో, ఆ పొట్టి అలయే మనకొక సొంత గొంతు నీయగలదు. వంద కిలోవాట్ల కేంద్రమును స్థాపించుట ఏ సంఘమునకును శక్యము కాదు. పది, పదునైదు కిలోమీటర్లు మాత్రమే పోవు చిన్న ఎఫ్.ఎం. కేంద్రమునకు 100 వాట్లు చాలును. ఒకనాటి పెద్ద బల్బు కాలుటకు పట్టునంత. దూరము పోలేకపోవుట దాని లోపము. అందుచేతనే దానిని సామాన్యుల చేతికిచ్చుటకు ప్రభుత్వము వెరవదు.

ఇది కలగూరగంప యోచన కాదు. మన దేశమున ప్రసారము చిన్న సంఘముల చేతులలోనే పుట్టినది. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో ఏర్పడిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఆ యేటి జూలై 31న 40 వాట్ల యంత్రముతో పలుకసాగెను. మూడేండ్లు నడచి, ధనము చాలక 1927లో ఆగిపోయెను. దాని యంత్రము మద్రాసు కార్పొరేషనుకు చేరగా 1930లో మరల పలికెను. 1938 జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రము వెలసినపుడు అరవముతోపాటు తెలుగును అచట చోటు చేసికొనెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము పుట్టువరకు తెలుగువారు వినిన ముఖ్యమైన ప్రసారమదియే. ఒకే కేంద్రము రెండు భాషల నాదరించుట మనకు కొత్త కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

తరంగములు ప్రజల సొత్తని, ప్రభుత్వపు గుత్తసొత్తు కాదని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పెను. 2006 నాటి విధానముచే సేవాసంస్థలును సామాజిక రేడియో కేంద్రము నడుపుటకు అర్హములైనవి. సంస్థ లాభాపేక్ష లేనిదై, కనీసము మూడేండ్లు స్థానికులకు సేవచేసినదై యుండవలెను. కార్యక్రమములలో సగమైనను స్థానికముగ తయారైనవై యుండవలెను. 2008 అక్టోబరు 15న జహీరాబాదు ప్రాంతపు మాచనూరులో సంఘం రేడియో ఆరంభమయ్యెను. దానిని నడుపువారు పొలముపని చేసికొను దళిత స్త్రీలు. విత్తనము, వంట, పాట, వైద్యము గూర్చి వారు తమ యూరి తెలుగులోనే మాటలాడుదురు. పుస్తకపు తెలుగు రాదని సిగ్గుపడలేదు. కోలారు జిల్లా బూదికోటలో, ఇట్టి అనుమతులు రాకమునుపే, గ్రామస్థులు తమ కార్యక్రమములను కేబుల్ తీగపై ఇంటింటికి పంపుకొనిరి. వారికి సాధ్యమైనది మనకేల సాధ్యము కాదు?

అయినను ఉత్సాహముతోపాటు వివేకమును ఉండవలెను. కేంద్రము పెట్టుట సులభము, నడుపుట కష్టము. మద్రాసు క్లబ్బు చెప్పిన పాఠ మిదియే. కరెంటు బిల్లు నెలనెల వచ్చును, పాడిన పాట మాత్రము మొదటినెల చప్పట్లతో ముగియును. రెండవది: కేంద్రము మన పేటలోనిదైనను, అది తెలుగువారికి మాత్రమే పలుకరాదు. కన్నడిగుడు, అరవవాడు, ఒడియావాడు, మరాఠీవాడు మన ప్రక్కయింటివారు. తరతరములుగ మనకు చోటిచ్చినవారు. వారి భాషకు ముందు పీట వేసి, మన భాషకు దాని ప్రక్కన పీట వేసిన కేంద్రమే నిలుచును, గౌరవమును పొందును.

అంతవరకు చేయవలసిన పనులు మూడు కలవు. ఒకటి: ప్రతి శాఖవారును తమ జిల్లాలోని ఆకాశవాణి కేంద్రమునకు, వారమున కొక అరగంట తెలుగునకు కేటాయింపుమని కుటుంబముల సంతకములతో వినయముగ వ్రాయవలెను, ఏ పేటలో ఎన్ని యిండ్లో నిజమైన లెక్కతో వ్రాయవలెను. రాజ్యాంగపు 29వ అధికరణము తమ భాషను కాపాడుకొను హక్కును పౌరుల కిచ్చినది. అరగంటను ఇమ్మని అందు లేకపోయినను, అడుగుటకు నైతికబలమున్నది. రెండు: అరగంట దొరకిననాడు చదువుటకు, పాడుటకు మనవారెవరని వెదుకుకొనకుండ, నేటినుండియే నెలకొక కార్యక్రమమును ఫోనులో రికార్డు చేసి సంఘమందిరమున వినిపించుచు అలవాటుపడవలెను. మూడు: అవ్వల పెండ్లిపాటలను, నేతపాటలను, తాతల వలసకథలను వారి గొంతుననే పదిలపరుపవలెను. ప్రసారయంత్రమును ఎప్పుడైనను కొనవచ్చును. ఆ గొంతులను మరల కొనలేము.

కడపటి మాట. ఎంత బలమైన తరంగమైనను దానిని పట్టు సెట్టు లేనిచో వృథాయే. భాషకు సెట్టు బిడ్డ చెవి. ఇంట తెలుగు వినని బిడ్డకు ఉపగ్రహము పంపినను, ఆకాశవాణి పంపినను అది గరగరయే. ఆ సెట్టును బాగుచేయుటకు లైసెన్సు అక్కరలేదు, స్తంభము అక్కరలేదు. రాత్రి భోజనమువేళ ఒక కథ చాలును. అది జరిగిన యిండ్ల మధ్యనే రేపటి మన చిన్న కేంద్రము నిలువగలదు. మన శాఖలవారు ఈ విషయమును రాబోవు సమావేశమున చర్చించి, తమ యభిప్రాయములను మాకు వ్రాయవలెనని కోరుచున్నాము.